పెద్దావిడ మూలుగు

మా ఇంట్లో పెద్దావిడ కారు, చిన్నావిడని నేను. పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు కలిపిన వరస ఇది. మా ఆయన నన్ను చేసుకోకముందే ఆ కారుని కొనుక్కున్నారు, అదీ ఎవరో వాడి వదిలేసిన పాతదాన్ని. అప్పటినుంచీ దాని ఒంట్లో ఏ కొంచెం నలతగా ఉన్నా ఆయనకి ముద్ద దిగదు. నాకు జ్వరం వస్తే మాత్రం మాత్ర వేసుకుని పడుకోమంటారు. సవతి పోరు అంటే ఏమిటో నాకు తెలియదని ఎవరూ అనలేరు.

ఈ ఏడు ఆయనకి కొత్త సంబరం పట్టుకుంది. పెద్దావిడ నెమ్మదించిందట.

"చూశావా, ఎంత మెత్తగా నడుస్తోందో! కొన్న కొత్తలో కూడా ఇంత నిశ్శబ్దంగా లేదు. వయసు మీద పడ్డాక కొందరికి బుద్ధొస్తుంది," అని నా వంక చూసి మరీ అనేవారు.

క్రితం వేసవిలో ముందు చక్రాల బేరింగులు విప్పి, కడిగి, గ్రీజు పెట్టింది ఆయనే. ఆ నెమ్మదంతా తన గ్రీజు చలవేనని ఆయన నమ్మకం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ గ్రీజు కథ వినక తప్పేది కాదు. నాకు మాత్రం కారు నెమ్మదించినట్టేమీ అనిపించలేదు. తలుపు కిర్రుమనడం, అద్దాలు గలగలలాడటం ఎప్పటిలాగే ఉన్నాయి. కానీ కారు విషయంలో ఆయన మాటకి ఎదురుచెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. నోరున్నదాన్నని పేరు తెచ్చుకున్న నాకు కూడా లేదు.

దానికి కారణముంది. ఆయన పంపుహౌసులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఊరంతటికీ నీళ్ళు తోడిపోసే పంపులు అవి. పక్కన నిలబడితే గుండెల్లో కూడా అదే మోత. ఆ మోతలో ఆయన ఒక కర్ర పట్టుకుని తిరిగేవారు. దాని సన్నటి కొస పంపు ఒంటికి ఆనించి, గుండ్రటి కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు వినేవారు. "దీని వెనక బేరింగు పోతోంది, రేపే విప్పండి," అనేవారు. విప్పి చూస్తే అంతే. అందుకే అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆయనకీ ఆ పిలుపు ఇష్టం. రిటైరైన రోజున వేసిన దండ ఎవరి మెడలోనో వేసేసి, కర్ర మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. అది ఇప్పటికీ మా వరండాలో గొడుగుల పక్కన ఉంటుంది.

భోజనాల దగ్గర మాకు రోజూ ఇదే పాఠం. చక్రం ఇరుసుని రుద్దుకోకుండా మధ్యలో దొర్లే ఉక్కు రోలర్లే బేరింగు. అది అరిగితే మొదట సన్నగా మూలుగుతుంది. వేగం పెంచితే మూలుగూ పెరుగుతుంది. కారు కుడికి తిరిగితే బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి, అప్పుడు మూలుగు ఎక్కువైతే పోయింది ఎడమదని అర్థం. వినిపించుకుని బాగుచేస్తే సరే. లేదంటే కాగిపోయి, బిగుసుకుపోయి, చక్రానికి చక్రమే ఊడి మనకంటే ముందు దొర్లుకుంటూ పోతుంది. మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి అడిగింది, "మరి నీలాంటి చెవి లేనివాళ్ళు ఎలా కనిపెడతారు నాన్నా?" అని.

"చక్రం పైకెత్తి తిప్పుతూ స్ప్రింగు మీద చెయ్యి పెట్టుకుంటారు. లోపల గరుకుంటే వేళ్ళకి జిలజిలమంటుంది. అది చెవి లేనివాళ్ళ పద్ధతిలే, మనకెందుకు!" అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు.

ఇక నా సంగతి. నేను పసిపిల్లల బళ్ళో టీచర్ని. ఒకటే గదిలో గుంపుగా అరిచే పిల్లలమీద అరిచి అరిచి నా గొంతు ఖంగుమంటుంది. అమ్మ రహస్యం చెప్పాలంటే ముందు వీధి తలుపు వేయాలని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. ఈ గొంతు సంగతి ఊరికే చెప్పటం లేదు. ఇంత ఆలస్యంగా నాకు తెలియడానికి అదీ ఒక కారణమే.

మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. కాన్పయ్యాక ఒళ్ళు కుదుటపడేదాకా మా దగ్గరే ఉంది. అల్లుడు కొండకి అవతల, వాళ్ళ ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాడు. ఆదివారం పొద్దున్న తల్లీబిడ్డల్ని నేనే కారులో దింపి వస్తానని మా ఆయన ఎప్పుడో ప్రకటించేశారు. కొండ ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. అవతలివైపు దారంతా మెలికలే, ఒక పక్క బండరాయి, రెండో పక్క లోయ.

బుధవారం నాడు చంటిదానికి బట్టలు కొనడానికి ఆయనా నేనూ బజారుకి వెళ్ళి వస్తున్నాం. కాన్పు హడావిడిలో నేను కారెక్కి అప్పటికి నెల దాటింది. వంతెన దిగి కారు వేగం అందుకోగానే నా కాళ్ళ దగ్గర, ఎడమపక్క, ఏదో మూలుగు మొదలైంది. మొదట టైరనుకున్నాను. ఆయన వేగం తగ్గిస్తే అదీ తగ్గింది, పెంచితే పెరిగింది. మా వీధిలోకి కుడికి తిప్పారు. ఒక్కసారిగా ఎక్కువైంది. ఇన్నేళ్ళుగా అన్నంతోపాటు తిన్న పాఠం నాకు అక్కరకొచ్చింది.

"ఏవండీ, మూలుగుతోంది," అన్నాను.

"ఎవరు?"

"మీ పెద్దావిడ. ఎడమ చక్రం."

ఆయన నా వంక జాలిగా చూశారు. "దాని మీద నీకు ఎప్పుడూ అక్కసే. ఇంత సుఖంగా నడుస్తుంటే మూలుగంటావేంటి?"

"నేను చెప్తున్నాగా, వినిపిస్తోంది."

"నాకు వినిపించనిది నీకు వినిపించిందా?" అన్నారు. ఆ చెవికి ఊరు ఊరంతా దణ్ణం పెట్టింది.

అయినా మొండిపట్టు పట్టాను. ఇంటికి రాగానే జాకీ తెప్పించి చక్రం పైకెత్తించాను. ఆయన కర్ర తెచ్చుకుని, లోపలివైపు ఇరుసుకి ఆనించి, చెవి దగ్గర పెట్టుకుని చక్రం తిప్పారు. కళ్ళు మూసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. తడి ఇసుక మీద రోకలి దొర్లించినట్టు గరగరమంటోంది, నాకు ఏ కర్రా లేకుండానే వినిపిస్తోంది. ఆయన మొహంలో మాత్రం ఎంత ప్రశాంతత!

"బంగారం!" అన్నారు కళ్ళు తెరిచి. "నువ్వు అనవసరంగా భయపడి నన్నూ భయపెట్టావు."

మా ఇద్దరిలో ఒకరికి మతి పోయిందనుకున్నాను. అది నాకే అయివుంటుందనీ అనుకున్నాను.

మర్నాడు బడికి పోతూ వీధి చివర మెకానిక్ దగ్గర ఆగాను. అతను పంపుహౌసులో మా ఆయన కింద పని నేర్చుకున్నవాడే. మా కారులో ఏదైనా చప్పుడు వస్తోందా బాబూ అని అడిగాను. అతను చేతులు తుడుచుకుంటూ అటూ ఇటూ చూశాడు.

"రోజూ మా కొట్టు ముందునుంచేగా వెళ్తారు. నెల్లాళ్ళుగా వింటున్నానమ్మా. ఎడమ ముందు చక్రం. కొండ మాత్రం ఎక్కించకండి."

"నెల్లాళ్ళుగా విని నోరు మెదపలేదా?"

"చెవి మేస్త్రిగారి బండికి చప్పుడుందని నేను చెప్పాలా? ఏదో చూస్తున్నారులే, కావాలనే ఆగారులే అనుకున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ గౌరవం కాస్తా రేపు మా పిల్లని లోయలో పడేసేట్టుంది. "పోనీ ఇప్పుడొచ్చి చెప్పు," అన్నాను.

"అమ్మమ్మో! నా నోట్లోంచి ఆ మాట రాదు."

"నోరు రాకపోతే చేతులన్నా వస్తాయిగా. ఆ చక్రానికి కావాల్సిన బేరింగులు తెప్పించి పెట్టు. శనివారానికల్లా నా చేతిలో ఉండాలి," అని గట్టిగా చెప్పి వెళ్ళాను. బడిపిల్లాడిలా తలూపాడు.

అప్పటికింకా నాకు అసలు సంగతి తెలియదు. ఆయనది మొండితనమనే అనుకుంటున్నాను. ఆ సాయంత్రం తెలిసింది. అమ్మాయి స్నానానికి వెళ్ళింది. నేను డాబా మీద బట్టలు తీస్తున్నాను. కింద చంటిది ఏడుపు లంకించుకుంది. ఆయన పక్కనే ఉన్నారుగా, ఎత్తుకుంటారులే అని నెమ్మదిగానే ఉన్నాను. ఏడుపు ఆగలేదు. గుక్కపట్టింది. బట్టలు అక్కడే పడేసి మెట్లు దిగి పరిగెత్తాను.

ఉయ్యాల ఆయన కుర్చీ వెనకే ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఆయన పేపరు చదువుకుంటున్నారు. పేజీ తిప్పారు కూడా. అక్కడ పిల్ల ఎర్రగా కందిపోయి, గొంతు చించుకుంటోంది. దాన్ని ఎత్తి భుజాన వేసుకుని, ఆయన్ని కడిగిపారేద్దామని నోరు తెరిచాను. నా నీడ పేపరు మీద పడితే ఆయన తలెత్తి నవ్వారు.

"లేచిందా? చప్పుడే చెయ్యలేదే! బుద్ధిమంతురాలు, తాత పోలిక."

అప్పటికి పిల్ల నా భుజంలో మొహం దాచుకుని వెక్కుతోంది. ఆయనకి అది కనపడలేదు, వినపడనూ లేదు.

వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఫోను మోగుతోందని నేనంటే "నీకేలే, తియ్యి" అనడం. అమ్మాయి మెత్తగా ఏదో చెప్తే "ఊఁ, ఊఁ" అని నా మొహంలోకి చూడటం. అలారం గడియారం పాడైందని ఎవరికో ఇచ్చేయడం. కారు నెమ్మదించిందని మురిసిపోవడం. నెమ్మదించింది కారు కాదు. ఆ మాయదారి పంపులు ఆయన చెవులని కొద్దికొద్దిగా తినేశాయి. ఇన్నాళ్ళూ నాకెందుకు తెలియలేదంటే, నేను మాట్లాడితే ఆయనకి వినిపిస్తుంది. ఈ ఇంట్లో ఆయనకి వినిపించే గొంతు నాది ఒక్కటే.

బాగా ఏడ్చాను. ఏడ్చాక కోపం వచ్చింది, పంపుల మీద, ఆ కర్ర మీద, నా మీద. కోపం వస్తే నాకు పని జరుగుతుంది. మొహం కడుక్కుని అమ్మాయిని పెరట్లోకి పిలిచి, వీలైనంత చిన్న గొంతుతో అంతా చెప్పాను. ఆ చిన్న గొంతు ఎవరికి వినిపిస్తుందని అంత జాగ్రత్త పడ్డానో మరి.

అది, "నేను బస్సులో వెళ్ళిపోతానమ్మా. నాన్నకి ఏదో ఒకటి చెప్దాం," అంది.

"నువ్వు బస్సెక్కితే ఆయన నీ సామాను కారులో వేసుకుని బస్సు వెనకాలే వస్తారు. ఆ చక్రం ఊడితే ఆయన మాత్రం మనిషి కాదా?"

"అయితే చెప్పేద్దాం."

"చెప్తే నమ్మరు. అరిస్తే అలుగుతారు. మెకానిక్ నోరు విప్పడు. ఆ చక్రం ఆదివారంలోగా విప్పాలి, అందులో ఏముందో ఆయనే కనుక్కోవాలి. ఇంకొకరు కనిపెట్టి చెప్తే ఆయన ఇక లేవరు. నాకు తెలుసు ఆయన సంగతి."

"ఎలా కనుక్కుంటారు? వినపడదుగా."

"అదే ఆలోచిస్తున్నా," అన్నాను. ఆలోచించాను. అన్నం వండుతూ, పిల్లలకి అక్షరాలు దిద్దిస్తూ ఆలోచించాను. అమ్మాయి చిన్నప్పటి ప్రశ్న గుర్తొచ్చినప్పుడు చేతిలో సుద్దముక్క విరిగింది.

శనివారం పొద్దున్న ఆయన నడకకి వెళ్ళగానే పాత చీర కట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. వెనక చక్రాలకి చెక్కదిమ్మలు అడ్డం పెట్టాను. జాకీ పెట్టి ఎడమ ముందు చక్రం నేల వదిలేదాకా లేపాను, కింద స్టాండు దోపాను. ఈ పని ఆయన చేస్తుంటే టార్చిలైటు పట్టుకుని నిలబడటమే ఇన్నాళ్ళూ నా వంతు. జాకీ తిప్పేసరికి నడుం పట్టేసింది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లోపల టకటకమని కదిలింది. భయం వేసింది. రేపు ఇందులో నా మనవరాలు ఎక్కబోతోంది.

ఆయన వచ్చేసరికి నేను నేల మీద చతికిలబడి ఉన్నాను.

"ఏంటే ఇది? ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదు. నేనే ముట్టుకున్నా."

"బుధవారం విన్నానుగా! బంగారంలా ఉందని చెప్పానుగా! రేపు ప్రయాణం పెట్టుకుని ఇవాళ దాన్ని కెలుకుతావా? దించు!"

"దించను."

"దించు అంటున్నా!"

"చక్రం విప్పందే ఈ కారు ఈ గుమ్మం దాటదు. దాటాలంటే నన్ను తొక్కించుకుంటూ వెళ్ళాలి," అన్నాను. నా గొంతుకి వీధిలో ఎవరో ఆగి చూశారు. ఆయన మొహం ఎర్రబడింది. వరండాలోకి వెళ్ళి కర్ర తెచ్చారు.

"మళ్ళీ వింటా. నీ ఎదురుగానే వింటా. తర్వాతన్నా నోరు మూసుకుంటావా?"

ఆ కర్ర ఆయన చేతిలోంచి తీసుకున్నాను. లాక్కోలేదు, తీసుకున్నాను. గోడకి ఆనించాను. ఆయన చెయ్యి పట్టుకుని, మడ్‌గార్డు లోపలికి పోనిచ్చి, చక్రం వెనక స్ప్రింగు మీద పెట్టాను. వేళ్ళు దాని చుట్టూ మూసి, పైన నా చెయ్యి వేసి పట్టుకున్నాను. రెండో చేత్తో చక్రాన్ని బలంగా తిప్పాను.

ఆయన నన్ను చూశారు. ఆ పద్ధతి ఎవరిదో ఆయనకి నేను గుర్తుచేయాల్సిన పని లేదు. నేను ఏం చెప్తున్నానో, ఏం చెప్పలేకపోతున్నానో ఆ చెయ్యి పెట్టినప్పుడే అర్థమైంది. చెయ్యి లాగేసుకుంటారనుకున్నాను, గట్టిగా అదిమి పట్టాను. కానీ లాగలేదు. చక్రం తిరుగుతోంది, మా ఇద్దరి చేతుల కింద స్ప్రింగు జిలజిలమంటోంది. ఆయన వేళ్ళు ముందు బిగిశాయి, తర్వాత మెల్లగా వదులయ్యాయి, వినేవాడు చెవి ఒగ్గినట్టు.

చక్రం ఆగింది. ఆయనే మళ్ళీ తిప్పారు. తర్వాత లేచి, రెండో పక్కకి జాకీ మార్చి కుడి చక్రం ఎత్తి, దాని స్ప్రింగు మీదా చెయ్యి పెట్టి చూశారు. అది నున్నగా తిరిగింది. తిరిగొచ్చి నా పక్కన నేలమీద కూర్చున్నారు.

"చప్పుడు వస్తోందా?"

"వస్తోంది."

"పెద్దగానా?"

అబద్ధం ఆడాలనిపించింది. ఆడలేదు. "వీధి చివరిదాకా వినిపిస్తుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"నెల్లాళ్ళనుంచీ అని మెకానిక్ అన్నాడు."

తల దించుకుని అరచేతులు చూసుకున్నారు. ఓదార్పు మాటలు నాకు రావు, పిల్లలకి చెప్పే మాటలే వచ్చు. "లేవండి, బోలెడు పనుంది. బేరింగులు తెప్పించా," అన్నాను.

ఆయన లేచారు. అందుకు ఆయనకి ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

ఆ తర్వాత పనంతా ఆయనదే. కారు మళ్ళీ ఎడమ పక్క ఎత్తి, చక్రం తీసి, మధ్యలో ఉన్న గ్రీజు మూత ఊడదీశారు. నట్టు జారిపోకుండా అడ్డం దూర్చిన పిన్ను వంపు సరిచేసి లాగారు. నట్టు విప్పి, బయటి బేరింగు చేతిలోకి తీసుకుని, చక్రం బిగించే డ్రమ్మంతా లాగేసి, వెనకనుంచి రబ్బరు సీలు ఊడబీకి లోపలి బేరింగు తీశారు. రెండూ కిరోసిన్‌లో కడిగి వెలుతురులో పట్టుకున్నారు. బయటిది నిగనిగలాడుతోంది. లోపలి దాని రోలర్లు కాగి కాగి నీలంగా మారాయి. అది కూర్చునే ఉక్కు రింగులో గోటికి తగిలేలా గుంటలు పడ్డాయి. ఆయన నా వేలు పట్టుకుని ఆ గుంటల మీద రాయించారు.

"సీలు చిరిగింది. నీళ్ళు దూరాయి. క్రితం వేసవిలో పాత సీలే మళ్ళీ వేశాను. బాగానే ఉందనుకున్నా," అన్నారు. గ్రీజు కథలో ఈ ముక్క ఎప్పుడూ లేదు.

పాత రింగుని ఇనప పంచీ పెట్టి సుత్తితో కొట్టి బయటికి తోశారు. కొత్త రింగుని దాని చోట్లో పెట్టి, చుట్టూ కొంచెం కొంచెం కొడుతూ దింపడం మొదలుపెట్టారు. కొంత దిగాక సుత్తి ఆపేశారు. మళ్ళీ ఒక దెబ్బ వేసి ఆగారు. నా వంక చూడలేదు.

"రింగు అడుగుదాకా దిగితే చప్పుడు మారుతుంది," అన్నారు. "దిగేదాకా డొల్లగా ఉంటుంది. దిగాక ఖణీమని గట్టిగా పలుకుతుంది. అక్కడ ఆపాలి. సగంలో ఆగితే రేపు దారిలో వదులైపోతుంది."

నాకు అర్థమైంది. డ్రమ్ముకి దగ్గరగా వంగి కూర్చున్నాను. "కొట్టండి," అన్నాను.

కొట్టారు. డొల్ల. ఇంకోటి. డొల్లే. చుట్టూ తిప్పుతూ కొడుతున్నారు, ప్రతి దెబ్బకీ నా మొహం చూస్తున్నారు. నేను ఊపిరి బిగపట్టి వింటున్నాను. ఇన్నేళ్ళలో నేను మాట్లాడకుండా ఇంతసేపు కూర్చున్నది అప్పుడేనేమో. ఉన్నట్టుండి సుత్తి కింద చప్పుడు మారింది, గుడిసె తలుపు మీద కొట్టి కొట్టి రాతిగోడ మీద కొట్టినట్టు.

"అదీ!"

"నిజంగానా?"

"ఇంకోటి వెయ్యండి." వేశారు. "అదే. దిగింది."

ఆయన నా మాట నమ్మి సుత్తి కింద పెట్టారు. కారు విషయంలో నా మాట నమ్మడం అదే మొదటిసారి. నాకు గర్వంగా ఉంది, అంతకంటే ఎక్కువ ఏడుపొస్తోంది.

అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, కొత్త బేరింగు అంచుని దానికేసి నొక్కుతూ, రోలర్ల మధ్యనుంచి గ్రీజు పైకి ఉబికేదాకా నింపారు. నన్నూ ఒకటి నింపమన్నారు. నా గ్రీజు మోచేతులదాకా వెళ్ళింది, ఆయన నవ్వారు. నవ్వు ఆగాక, చేతిలో పని ఆపకుండానే అడిగారు.

"నీకెప్పుడు తెలిసింది? బుధవారమేనా?"

"కాదు. అప్పుడు మొండితనం అనుకున్నా."

"మరి?"

చెప్పకపోతే బాగుండుననిపించింది. కానీ ఆయన నా పెదాల వంకే చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఇలాగే చూస్తూ ఉండివుంటారు, నేనే గమనించలేదు. "గురువారం సాయంత్రం. మీ వెనక పాప ఏడ్చింది."

"పాప ఏడ్చిందా?"

"గుక్కపట్టి ఏడ్చింది. నేను డాబా మీదనుంచి పరిగెత్తుకొచ్చా."

గ్రీజు చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. చక్రం సంగతికి తల మాత్రమే వంచిన మనిషి, ఈ మాటకి పూర్తిగా కుప్పకూలారు. ఆ గ్రీజు చేతులతోనే మొహం కప్పుకున్నారు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. చీర, చొక్కా అన్నీ పాడయ్యాయి. కాసేపటికి భుజంతో మొహం తుడుచుకుని, "సీలు ఇలా ఇవ్వు. కొత్తది," అన్నారు.

సీలు వేసి, డ్రమ్ము ఎక్కించి, బయటి బేరింగు పెట్టి, నట్టు బిగించారు. తిప్పుతూ బిగించి, మళ్ళీ వదులు చేసి, చివరికి ఒట్టి వేళ్ళతో ఎంత బిగుస్తుందో అంతకి ఆపారు. "బలముంది కదా అని బిగిస్తే కాలిపోతుంది," అన్నారు. కొత్త పిన్ను దూర్చి కొసలు వంచారు. మూత పెట్టి, చక్రం బిగించి, తిప్పి, స్ప్రింగు మీద చెయ్యి పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు ఉంచారు.

"నువ్వూ విను," అన్నారు.

విన్నాను. "ఏం లేదు. గాలి తిరిగినట్టుంది."

"నాకూ అదే చెప్తోంది."

సాయంత్రం అమ్మాయి దగ్గరికి తనే వెళ్ళి, "మీ ఊళ్ళో చెవుల డాక్టరున్నాడామ్మా?" అని అడిగారు. అది నాలా గట్టిగా, "ఉన్నాడు నాన్నా! సోమవారానికి రమ్మన్నాడు! అడిగేశా!" అని అరిచింది. ఆయన ఉలిక్కిపడి, ఇంట్లో ఇంకో టీచరు తయారైందన్నారు.

ఆదివారం పొద్దున్న బయల్దేరాం. వీధి చివర మెకానిక్ కొట్టు ముందు ఆయన కావాలనే కారు నెమ్మది చేశారు. అతను పైకి లేచి, తల పక్కకి వంచి విని, చెయ్యి ఎత్తాడు. మా ఆయన కూడా చెయ్యి ఎత్తారు.

అమ్మాయి, చంటిది వెనక సీట్లో. నేను ముందు, ఎప్పటిలా ఎడమపక్క. కొండ ఎక్కుతున్నప్పుడు ఒకటి రెండుసార్లు, "ఏమంటోంది పెద్దావిడ?" అని అడిగారు. ఏమీ అనటం లేదన్నాను. పైకి చేరాక కారు ఆపి, దిగి వెళ్ళి ఎడమ చక్రం నడిమధ్య చెయ్యి పెట్టి చూశారు. వెచ్చగా ఉంది, అంతే, కాగలేదు. కుడిదీ చూశారు. వచ్చి కూర్చున్నారు.

దిగడం మొదలైంది. మొదటి పెద్ద మలుపు కుడికి. బరువంతా నా వైపు చక్రం మీద పడింది. నేను కాళ్ళతో, చెవులతో, ఒళ్ళంతటితో విన్నాను. పెద్దావిడ కిమ్మనలేదు. అద్దాలు మాత్రం గలగలలాడాయి. ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, చూపు రోడ్డు మీదనుంచి కదల్చకుండా ఉన్నారు. తర్వాతి మలుపు దాటాక, తల తిప్పకుండానే అడిగారు.

"పాప ఏడుస్తోందా?"

వెనక్కి తిరిగి చూశాను. తల్లి ఒళ్ళో నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"లేదండీ. నిద్రపోతోంది."

"సరే," అన్నారు. ఇంకో మలుపు తిప్పారు. "ఏడిస్తే చెప్పు."